చెవికి తాళపుచెవి

గడచిన మాఘమాసమున ఒక రాత్రి, భిలాయికి చేరువనున్న హథ్‌ఖోజ్ పారిశ్రామిక ప్రాంతములో నా చిరకాల మిత్రుడు నడుపుకొనుచున్న చిన్న కర్మశాలకు ఏదో పనిమీద పోయి, ఇనుప తలుపునకు ఈవల నిలిచి నాలుగు మారులు పిలిచితిని; అయిదవ మారు చేతికఱ్ఱతో తలుపును గొట్టితిని. లోపల కావలివాని గదిలో దీపము వెలుగుచునే యున్నది, కావలివాడును మేలుకొనియే యున్నాడు, కిటికీలోనుండి ఆతని తల నాకు స్పష్టముగ కనబడుచునే యున్నది. అయినను ఆతడు తల త్రిప్పడు. కడకు ఆ దారిని వచ్చిన లారీ దీపముల వెలుతురు గోడమీద పడగా ఉలికిపడి లేచి, రెండు చెవులనుండి రెండు వేఱువేఱు తీగలను పెఱికివైచి, పరుగెత్తుకొని వచ్చి తలుపు తీసెను.

"ఏటి సెయ్యమంటారు బాబూ! సెవులు రెండే గదా, పిలిసీవోళ్లు నలుగురు," అని ఆతడు నొచ్చుకొనుచు చెప్పిన మాట విని, రేగిన కోపమును మ్రింగుకొని, ఆతని బల్లను నిదానించి చూచితిని. కార్యాలయపు గదినుండి వచ్చు ఇంటర్‌కమ్ ఒకటి. కాటా దగ్గఱి మనిషితోను క్రేను నడుపువానితోను మాటలాడుటకు వాకీటాకీ ఒకటి. యజమాని పిలుపులు, పలాస ప్రాంతపు పల్లెలోనున్న భార్యాబిడ్డల పిలుపులు, నిదుర రాకుండుటకు పెట్టుకొను భజనలు, ఈ మూడును ఒక్క గొంతున వచ్చు మొబైలు ఒకటి. వీనికి తోడు ఇనుప తలుపునకు కట్టిన గంట నాలుగవది. మొబైలు తీగ ఎడమచెవికి, వాకీటాకీ తీగ కుడిచెవికి పోయినవి. ఇంటర్‌కమ్మునకు గాని, తలుపు గంటకు గాని, నావంటి ముసలివాని కేకకు గాని ప్రవేశించుటకు ఆతని తలలో మఱి ద్వారము మిగులలేదు. "ఇయన్నీ కలిపి ఒక్క హెడ్‌ఫోన్‌లోకి వచ్చీసినట్టు సేసీ మిషను ఏదైనా దొరకదా బాబూ?" అని ఆతడు అడిగెను.

దొరకును. అయితే అట్టి యంత్రము ఏ గొంతును ముందు విడువవలెను, ఏ గొంతును వెనుక నిలుపవలెను, ఆ నిర్ణయము యంత్రమును చేసిన కంపెనీది కావలెనా, వినువానిది కావలెనా అను ప్రశ్న ఆతని ప్రశ్న వెనుక దాగియున్నది. తలుపునకు తాళము వేయు సాధనమును మన భాష తాళపుచెవి యన్నది. చెవికి తాళపుచెవి యెవరి చేతిలో నుండవలెనో నేడు మనము తేల్చుకొనక తప్పదు. అది వినువాని చేతిలోనే యుండవలెనని నా అభిప్రాయము.

మేముండు ఈ భిలాయిలో ఈ మాట చెప్పుటకు కారణము లేకపోలేదు. 1955 ఫిబ్రవరిలో సోవియట్ దేశముతో కుదిరిన ఒప్పందము పునాదిగ ఉక్కు కర్మాగారము వెలయగా, 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేసును ఆరంభించిన నాటినుండి భిలాయి బహుభాషల పట్టణము. ఆ తొలినాళ్లలో రష్యను నిపుణుని మాట దుబాసీ నోట హిందీ యయ్యెడిది. హిందీ మాట మేస్త్రీ నోట ఛత్తీస్‌గఢీ యయ్యెడిది. విజయనగరమునుండి రాయపూరునకు పోవు రైలుమార్గమున మూటాముల్లెలతో వచ్చి దిగిన మన శ్రీకాకుళపు కూలీ చెవిలో అది తెలుగై పడెడిది. నాలుగు భాషలను రెండు చెవులతో విని, వానిలో తనకు సంబంధించిన మాటను మాత్రము ఏరుకొని, దిగుచున్న క్రేను కొక్కెమునుండి సకాలమున తప్పుకొనుట ఇచ్చటివారికి వృత్తివిద్యలో తొలి పాఠము. పెద్ద కర్మాగారమును ఆశ్రయించుకొని పెరిగిన హథ్‌ఖోజ్ కర్మశాలలలో ఇనుప రేకులు కోయు మంటల బుసలు, సమ్మెటల మ్రోతలు, ట్రైలరు లారీల హారనులు రేయింబవళ్లు వినబడుచుండును. ఇట్టిచోట చెవి అలంకారము గాదు. ప్రాణరక్షణకు పెట్టిన కావలి.

ఇక మా యింటి సంగతి. మా మనుమడు ఇంటినుండియే ఉద్యోగము చేయును. లాప్‌టాపులో కార్యాలయపు సమావేశము, టీవీలో క్రికెట్టు, మొబైలులో వాళ్లమ్మ. ఈ మూడింటిని ఒక్క హెడ్‌ఫోనులో వినవలెనని ఆతని కోరిక. కావలివాని ప్రశ్నను నేను ఇంటికి తెచ్చి వినిపించగా, "అదేముంది తాతయ్యా, రెండు మూతుల తీగ ఒకటి కొంటే సరి," అని మఱునాడే అంగడినుండి ఒక తీగను తెచ్చెను: ఒక కొనను హెడ్‌ఫోను గ్రుచ్చుకొనుటకు రంధ్రము, రెండవ కొనను చీలి రెండు పిన్నులు. ఒక పిన్నును లాప్‌టాపునకు, రెండవదానిని టీవీకి తగిలించి, హెడ్‌ఫోను నా చెవులకు పెట్టెను. టీవీ వ్యాఖ్యాత గొంతు నూతిలోనుండి వచ్చినట్లు సన్నగిల్లినది. లాప్‌టాపులోని మాటలు బొంగురుపోయినవి. రెంటి వెనుక తేనెటీగల తుట్టె కదలినట్లు ఎడతెగని ఝంకారము. లాప్‌టాపు చార్జరును గోడనుండి లాగివేయగా ఆ ఝంకారము తటాలున ఆగిపోయెను. మరల గ్రుచ్చగా మరల వచ్చెను.

ఇందులో మాయ ఏమియు లేదు. ప్రతి యంత్రములోను చెవికి ధ్వనిని పంపు భాగమొకటి కలదు. తన తీగకొనయందు విద్యుత్తు తాను చెప్పినట్లే పెరుగవలెను, తాను చెప్పినట్లే తరుగవలెనని అది పట్టుబట్టును. అట్టి రెండింటిని ఒక్క తీగకు తగిలించినచో, హెడ్‌ఫోనుకంటె ఎదుటి యంత్రమే తేలికైన దారిగా కనబడి, ఒకదాని శక్తి రెండవదానిలోనికి పాఱును. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవను సామెత ఇనుమునకే గాక విద్యుత్తునకును వర్తించును. చార్జరు ద్వారా, టీవీ ద్వారా రెండు యంత్రములును గోడలోని విద్యుత్తునకు లంకెపడి యున్నందున, సెకనునకు 50 మారులు ఊగు ఆ విద్యుత్తు ఛాయ, చార్జరు పుట్టించు రొద, రెండును తీగలగుండ ప్రవహించి ఝంకారమై వినబడును. ఒక్కొక్క తీగలో వెయ్యి ఓముల రెసిస్టరును నిలిపినచో ఈ కలహము సమసిపోవును గాని, 32 ఓముల హెడ్‌ఫోనునకు చేరు ధ్వని సుమారు ముప్పదవ వంతునకు కృశించిపోవును. కావున కలిపిన పిమ్మట దానిని మరల పెంచు భాగమొకటి వలయును. విడదీయు నిరోధము, కలుపు కూడలి, పెంచు శక్తి, వీనికి తోడు ఒక్కొక్క గొంతునకు ఒక్కొక్క మరబొత్తాము: ఇవి చేరిన పెట్టెనే మిక్సరందురు.

ఈ పెట్టెను మన పల్లెలలో ఎఱుగనివారెవరు? పెండ్లిపందిటిలో ఒక మూల కూర్చున్న మైకుసెట్టువాని ముందున్న దదియే. నాదస్వరము ఒక బొత్తామున, పురోహితుని మంత్రము ఒక బొత్తామున, "పెండ్లికుమారుని మేనమామగారు వేదికవద్దకు రావలెను" అను ప్రకటన ఒక బొత్తామున నుండును. పురోహితుడు వ్రేలెత్తి "గట్టిమేళం" అన్నంతనే మేళము మిన్నుముట్టును, తక్కిన గొంతులన్నియు అణగిపోవును. ఆ క్షణమున తుమ్ము గాని, ఏడుపు గాని, అశుభమైన మాట గాని వధూవరుల చెవిని బడరాదని పెద్దలు చేసిన యేర్పాటది. ముఖ్యమైన ధ్వని వచ్చినపుడు తక్కినవానిని తగ్గించుటయు, అది పోయిన పిదప మరల హెచ్చించుటయు నేటి ధ్వనిశాస్త్రజ్ఞులు గొప్పగా చెప్పుకొను విద్య. మంగళవాద్యమువారు దానిని మైకులు పుట్టకముందే యెఱుగుదురు. అయితే అచ్చట ఆజ్ఞాపించునది పురోహితుని వ్రేలు, మైకుసెట్టువాని పెట్టె గాదు. ఈ భేదమును మఱువరాదు.

మా భిలాయి ఫర్నేసు నోటిలోనికి పోవు ఖనిజమును గూర్చియు ఇదే మాట. దల్లీ-రాజహరా గనులనుండి ఇనుపరాయి, నందినినుండి సున్నపురాయి, వానితో కోకు బొగ్గు. మూడును కలిసినగాని ఇనుము కరగదు. కాని కలయిక చేతనే ఇనుము పుట్టునని తలచి దేనిని ఎంత పోయవలెనో తూచకుండ గ్రుమ్మరించిన నాడు కొలిమి కడుపుబ్బరము పట్టి చిట్టెము మాత్రము మిగులును. కలుపుట యెవరైన చేయుదురు, తూచుటయందే పనితనమున్నది.

నేటి కంపెనీలు అమ్ముచున్న తీగలేని హెడ్‌ఫోనులయందు ఈ తూచు పనిని వినువాని చేతినుండి ఊడలాగికొనిరి. రెండు యంత్రములతో ఒకేసారి జతపడునని డబ్బామీద అచ్చువేయుదురు. జతపడుట నిజమే గాని, ప్రాయికముగ ఒకసారి ఒకదానినే వినిపించును. లాప్‌టాపులో ఉపన్యాసము సాగుచుండగా మొబైలు మ్రోగినచో ఉపన్యాసము నోరు నొక్కివేయబడును. అది మీకు అల్లుని పిలుపా, అప్పిచ్చెదమను ప్రకటన పిలుపా అని యంత్రము అడుగదు. మాటలాడుటకు మైకు తెఱచుకొన్నంతనే, సంగీతమునకై సెకనునకు 44,100 మారులు కొలచు ధ్వనిని విడిచి, 8,000 లేక 16,000 మారులు మాత్రమే కొలచు టెలిఫోను గొంతునకు పాత బ్లూటూత్ పద్ధతి దిగజారును. ఇంతవఱకు వీణవలె వినబడినది ఆపైని రేకుడబ్బా మ్రోతగ మారును. మీదుమిక్కిలి గాలిలో వచ్చు ధ్వని సెకనులో పదవ వంతో, అయిదవ వంతో, ఒక్కొక్కప్పుడు అంతకు మించియో ఆలస్యమగుటచే, టీవీలో బ్యాటు తగిలిన తరువాత చెవిలో మ్రోత వినబడును. రెండు యంత్రముల గడియారములు ఒక్క తీరున నడువవు; ఒకటి 44,100 చొప్పున, ఒకటి 48,000 చొప్పున లెక్కించు ధ్వనులను కూర్చుటకు నడుమ ఒక లెక్కరి కూర్చుండి అనుక్షణము సరిచేయుచుండవలెను. ఇది కష్టమే గాని అసాధ్యము గాదు. కంప్యూటరులో పదునైదేండ్లకు పూర్వమే ఒక్కొక్క ప్రోగ్రామునకు ఒక్కొక్క ధ్వనిమట్టము నిర్ణయించుకొను సౌకర్యము వచ్చియున్నది. కొఱవడినది విద్య గాదు. వినువానికి ఆ హక్కు కలదను తలంపు.

ఈ విషయమున ఒక విచిత్రమును గమనింపుడు. 2020 జనవరిలో ప్రకటింపబడిన క్రొత్త బ్లూటూత్ ధ్వనిపద్ధతి నాశ్రయించి, 2022లో ఆరాకాస్ట్ అను పేరుతో ఒక సదుపాయము బయలుదేరినది. ఒక్క యంత్రమునుండి లెక్కకు మించిన చెవులకు ఒక్క మాటను పంపుట దాని ప్రయోజనము. రైల్వే ప్రకటనలు వినికిడి యంత్రము పెట్టుకొన్న వృద్ధుని చెవిలో నేరుగ పలుకుటకు అది ఎంతయు ఉపకరించును. దుర్గ్ స్టేషనులో రెండవ ప్లాట్‌ఫారమో మూడవదో తెలియక మెట్లెక్కి దిగు నావంటివారు దానికొఱకు ఎదురు చూచుచున్నారు. కాని ఒకరి మాట వేయిమంది చెవులకు పోవు మార్గమును అంత శ్రద్ధతో నిర్మించినవారు, వేయి మాటలనుండి ఒకడు తన చెవికి కావలసినదానిని తూచుకొను మార్గమును మాత్రము అడవిలో కాలిబాటగ విడిచిపెట్టిరి. పైగా 2016లో ఐఫోన్ 7 వచ్చినది మొదలు మొబైలులనుండి 3.5 మిల్లీమీటర్ల రంధ్రము క్రమక్రమముగ మాయమగుచు వచ్చినది. మైకుసెట్టువాని బీద పెట్టెకు మన ఖరీదైన మొబైలును తగిలించుటకు ఉండిన కడపటి ద్వారము అదియే.

పూర్వము ఇట్లుండలేదు. హెడ్‌ఫోను పుట్టుకయే పలువురి గొంతులను ఒకరి చెవికి చేర్చుట కొఱకు జరిగినది. పావు అంగుళపు పిన్ను పాత టెలిఫోను ఎక్స్ఛేంజీ బల్లనుండి వచ్చినది. అచ్చట కూర్చున్న యువతి ఏ తీగను ఏ రంధ్రమున గ్రుచ్చవలెనో తానే నిర్ణయించెడిది. అమెరికాలోని యూటాలో నథానియల్ బాల్డ్విన్ తన వంటగదిలో తయారుచేసి, 1910 ప్రాంతమున నౌకాదళమునకు పంపిన జోడు, వైర్‌లెస్ వినువాడు ఓడ రొదలో సన్నని సంకేతమును ఏరుకొనుటకు ఉపకరించినది. 1945లో న్యూరెంబర్గు న్యాయస్థానమున ఇంగ్లీషు, ఫ్రెంచి, రష్యను, జర్మను భాషలు ఏకకాలమున సాగినపుడు, ప్రతి కుర్చీవద్దను ఒక హెడ్‌ఫోను, దానితో ఒక చక్రము అమర్చిరి. చక్రమును త్రిప్పి తనకు వలసిన భాషను వినుట వినువాని పని. దుబాసీకి అందనంత వేగముగ ఎవడైన మాటలాడినచో పసుపుదీపము వెలుగును, ఆగవలసివచ్చినచో ఎఱ్ఱదీపము వెలుగును. చెవులు నిండియుండగా మఱియొక శబ్దమును దానిలో క్రుక్కక, సంగతిని కంటికి అప్పగించిన ఆ వివేకము ప్రశంసింపదగినది. మన లోక్‌సభలోను తత్క్షణ అనువాదము 1964లో ఆరంభమైనది.

మానవుని చెవి యెంతవఱకు మోయగలదో శాస్త్రజ్ఞులు పరిశీలింపకపోలేదు. కోలిన్ చెర్రీ అను ఆంగ్ల పండితుడు 1953లో ప్రకటించిన ప్రయోగములలో, ఒకే కంఠమున పలికిన రెండు ప్రసంగములను కలిపి రెండు చెవులకు వినిపించగా, వినువారు కనులు మూసికొని, పలుమారులు మరల మరల విని, మిక్కిలి ప్రయాసతోగాని విడదీయలేకపోయిరి. ఆ రెండింటినే ఒక్కొక్క చెవికి ఒక్కొక్కటి చొప్పున పంపగా, తలచుకొన్న చెవిని సునాయాసముగ అనుసరించిరి. కాని రెండవ చెవిలో మాట ఇంగ్లీషునుండి జర్మనునకు మారినను గమనింపరైరి. పురుష కంఠము స్త్రీ కంఠమైనచో గుర్తించిరి, కూత వినబడినచో గుర్తించిరి. మాట మాత్రము సోకలేదు. ఆఱేండ్లకు నెవిల్ మోరే అను మఱియొకరు ఆ విడిచిన చెవిలో వినువాని పేరునే పలికించి చూడగా, సుమారు మూడింట ఒక వంతు మంది మాత్రమే దానిని పట్టుకొనిరి. హథ్‌ఖోజ్ కావలివానిని నేను నాలుగు మారులు పేరెత్తి పిలిచినపుడు ఆతడు పలుకకపోవుటలో అశ్రద్ధ లేదని, తక్కిన ఇద్దఱిలో ఒకడయ్యెనని, నా చేతికఱ్ఱకు అప్పుడు తెలియలేదు.

మన పెద్దలు ఈ సత్యమును ప్రయోగశాల లేకయే సభామధ్యమున నిరూపించిరి. అష్టావధానమున ఎనమండుగురు పృచ్ఛకులు ఒక్క అవధానిని చుట్టుముట్టుదురు: ఒకరు అక్షరమును నిషేధింతురు, ఒకరు సమస్య నిత్తురు, ఒకరు నాలుగు పదములిచ్చి పద్యమడుగుదురు, అప్రస్తుత ప్రసంగి సందు చూచి అల్లరి ప్రశ్న వేయును, వెనుకనెవరో గంట కొట్టుచుందురు. తిరుపతి వేంకట కవులు ఊరూర ఈ విద్యను ప్రదర్శించి తెలుగుదేశమున కవిత్వమునకు ప్రజల కరతాళములు తెచ్చిరి. చూచువారికి అవధాని ఎనిమిది గొంతులను ఒక్కసారి వినుచున్నట్లు తోచును. నిజమునకు ఆతడొక వరుసను పాటించును. ఒక్కొక్క పృచ్ఛకునికి ఒక్కొక్క ఆవృత్తిలో ఒక్కొక్క పాదము చెప్పి, అంతటితో వానిని ప్రక్కన నిలిపి, తరువాతివానివైపు తిరుగును. నాలుగు ఆవృత్తులు ముగిసిన పిదప ధారణలో అన్నింటిని అప్పగించును. అప్రస్తుత ప్రసంగి అల్లరిని మినహాయించినచో, వరుసకు లొంగనిది గంటయే. దానిని మాత్రము మనస్సులో ఒక మూల విడిచిన చెవితో లెక్కించుచుండును. గంట మ్రోతకు అర్థము లేదు, సంఖ్య మాత్రమే కలదు. కనుకనే అది సాధ్యమగుచున్నది. గంటకు మారుగా రెండవ సమస్యను అదే క్షణమున అందించినచో ఏ మహావధానియు నిలువజాలడు. ఎనిమిది గొంతులను ఒక్కసారి చెవిలో పోసికొనువాడు అవధాని కానేరడు. ఎవరి వంతు ఎప్పుడో నిర్ణయించువాడే అవధాని.

"అయినచో ఒకసారి ఒకటి వినుట మేలు గదా, కలుపుట యెందుకు?" అని ప్రాజ్ఞులు ప్రశ్నింతురు. నేనును మొదట అట్లే తలచితిని. కాని ఒకసారి ఒకటే వినుట తీరికగలవారికి దక్కిన భాగ్యము. తొట్టిలో బిడ్డను పడుకొనబెట్టి ఇంటినుండి ఉద్యోగము చేయు తల్లి, సమావేశమును వినుచు బిడ్డ యేడుపునకును ఒక చెవి నొగ్గియుండవలెను. రాత్రి కావలివాడు యజమాని పిలుపును, కాటా పిలుపును, తలుపు గంటను మూడింటిని కాదనలేడు. ఒకదానిని కాదన్న దినమున ఉద్యోగమే కాదనబడును. ఇట్టివారికి కలయిక విలాసము గాదు, బ్రతుకుతెరువు. వారిని చూచి "ఏకాగ్రత లేదు" అని నిందించుట చెవిటివాని ముందు శంఖ మూదినట్లు వ్యర్థము.

అవతలి వాదమును అంతకంటె గట్టిగ ఆలకింపవలెను: ఇన్ని గొంతులు కలిసినచో చెవి గతి యేమి? సమానమైన రెండు వేఱువేఱు ధ్వనులు కలిసినచో మట్టము 3 డెసిబెల్లులు పెరుగును. చూచుటకు స్వల్పమైన అంకె. కాని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పెద్దవారికి 80 డెసిబెల్లులు వారమునకు 40 గంటలు భరింపదగిన హద్దు. 83 అయినచో 20 గంటలే, 86 అయినచో 10 గంటలే. అనగా రెండవ గొంతును కలిపిన ప్రతివాడు, మట్టము తగ్గింపనిచో, తన చెవి ఆయువును సగము అమ్ముకొనుచున్నాడు. కలిపినపుడు ఒకదానిమీద ఒకటి వినబడవలెనని మనుష్యుడు మఱింత పెంచును గాని తగ్గింపడు. మన కర్మాగారముల నిబంధనలు 8 గంటల పనికి 90 డెసిబెల్లులు హద్దని చెప్పుచున్నవి. సమ్మెటల క్రింద ఆ హద్దు దాదాపు తాకి వచ్చినవాడు, ఇంటిదారిలో సైకిలుమీద హెడ్‌ఫోను పెట్టుకొని పాటలు వినుచు పోయినచో, చెవికి విశ్రాంతియే లేదు. వెనుకనుండి వచ్చు ట్రైలరు లారీ హారను వినబడుటయు లేదు. ఈ వాదమును నేను అంగీకరించుచున్నాను. కలుపుటకు హద్దు కావలెననుటకు ఇంతకు మించిన సాక్ష్యము లేదు.

కావున నేను కోరునవి కొలదియే. హెడ్‌ఫోను చేయువారు రెండు యంత్రములతో జతపడునని డబ్బామీద వ్రాసినచో, ఆ రెండింటిని కలిపి వినిపింపవలెను. ఒక్కొక్కదానికి ఒక్కొక్క మట్టమును, కుడిఎడమలలో ఒక్కొక్క తావును వినువాడు నిర్ణయించుకొనునట్లు చేయవలెను, ఏలయన దిక్కు వేఱైనపుడు గొంతు సులువుగ వేఱగునని చెర్రీ చూపెను. పిలుపు వచ్చినపుడు తక్కినదానిని త్రుంచివేయక తగ్గింపవలెను. ఎవరి పిలుపునకు తగ్గింపవలెనో, ఎవరి పిలుపునకు తగ్గింపరాదో ఆ జాబితా వినువాడు వ్రాసికొనవలెను. ఎన్ని కలిసినను మొత్తము మట్టము హద్దు దాటరాదు. కర్మశాలల యజమానులు ఒక మనిషికి నాలుగు పిలుపుల పని అప్పగించునపుడు, అందులో రెండింటినైన చెవినుండి తప్పించి కంటికి అప్పగింపవలెను. ఇవి కోటల కోరికలు గావు. పెండ్లిపందిటి మైకుసెట్టువాడు నిత్యము చేయుచున్నవే.

మా మనుమడు తుదకు ఆ మైకుసెట్టు అంగడికే పోయి నాలుగు బొత్తాముల చిన్న మిక్సరును కొనితెచ్చెను. రంధ్రము లేని మొబైలునకు ఒక చిన్న కన్వర్టరును, ఝంకారము చేయు లాప్‌టాపు తీగ నడుమ చిన్న ట్రాన్స్‌ఫార్మరు గల డబ్బీని తగిలించెను. బొత్తాముల క్రింద కాగితపు ముక్కలు అతికించి "టీవీ", "ఆఫీసు", "అమ్మ" అని వ్రాసికొనెను. నాలుగవ బొత్తాము ఖాళీ. మొన్న సాయంకాలము ఆటలో ఉత్కంఠ మితిమీరియున్న వేళ వాళ్లమ్మ ఫోను చేసినది. ఆతడు బొటనవ్రేలితో టీవీ బొత్తామును పూర్తిగ తగ్గించి, హెడ్‌ఫోను ఒక ప్రక్క చెవినుండి ప్రక్కకు జరిపి, "చెప్పమ్మా," అన్నాడు. నాకు పురోహితుని వ్రేలు జ్ఞాపకము వచ్చెను.

కావలివాని గదిలో మిక్సరు పెట్టలేదు. వాకీటాకీ తీగను పీకివైచి, దానిని దాని స్పీకరుతోనే బల్లమీద పెట్టించితిమి. మొబైలునకు ఎడమచెవిలో ఒక్క మొగ్గను మాత్రము ఉంచితిమి. ఇంటర్‌కమ్మునకును తలుపు గంటకును కలిపి, కిటికీ ప్రక్కన ఒక ఎఱ్ఱదీపమును కట్టించితిమి. కుడిచెవిని ఏ యంత్రమునకును ఇయ్యలేదు. పది దినముల పిమ్మట ఆ దారిని పోవుచు తలుపువద్ద నిలిచి, ఈసారి గొంతెత్తక, మెల్లగ దగ్గితిని. ఆతడు వెంటనే తల త్రిప్పి నవ్వుచు లేచెను.

"ఇప్పుడు బాగుంది బాబూ. గోడవతల కుక్క తిరిగినా ఇనిపిస్తంది," అనెను.